వేదాద్రికి ఉత్తరాన డల్లాస్

మా వైపు వేదాద్రి అని ఒక క్షేత్రం ఉంది. జగ్గయ్యపేట మండలం, కృష్ణ ఒడ్డు, యోగానంద నరసింహస్వామి. (పాత కృష్ణా జిల్లా. 2022 ఏప్రిల్ నుంచి ఎన్టీఆర్ జిల్లా. మా నందిగామ వాళ్ళ నోటికి ఇంకా పాతదే వస్తుంది.) ఆ గుడి దగ్గర కృష్ణకి వీపు పెట్టి, కచ్చితంగా ఉత్తరానికి బయల్దేరారనుకోండి. కుడికీ ఎడమకీ తిరక్కూడదు, నిలువు గీత గీసినట్టు వెళ్ళాలి. ముందు జబల్‌పూర్ వస్తుంది. తరవాత కాన్పూర్‌కి కాస్త పడమరగా పోయి, నందాదేవి శిఖరం పక్కనుంచి టిబెట్‌లోకి ఎక్కుతారు. అది దిగితే చైనాలో అక్సు, కజకిస్తాన్‌లో సెమెయ్ (సోవియట్ వాళ్ళు తమ మొదటి అణుబాంబు పేల్చింది దీని దగ్గరే, 1949లో), ఆ పైన సైబీరియా, దాని కొసన ఆర్కిటిక్ సముద్రం మీద డిక్సన్ అనే రేవు. ఇంకా పైకి పోతే ఉత్తర ధ్రువం. అక్కడ ఆగకుండా అదే గీత మీద అవతలికి దిగండి. కెనడాలో బ్రాండన్, కాన్సస్‌లో డాడ్జ్ సిటీ, టెక్సస్‌లో అబిలీన్. అబిలీన్ నుంచి డల్లాస్ కారులో మూడు గంటల్లోపే.

అంటే మా ఊరివాళ్ళకి డల్లాస్ పడమరా కాదు, తూర్పూ కాదు. ఉత్తరం!

గోడకి వేలాడే ప్రపంచ పటం చూసి పెరిగినవాళ్ళం కాబట్టి ఇది వింతగా ఉంటుంది. ఆ పటం 1569లో మెర్కేటర్ ఓడల వాళ్ళ కోసం గీసిన పద్ధతి. అందులో ధ్రువం ఒక చుక్క కాదు, కాగితం అంచు దాటి ఎక్కడికో పారిపోతుంది. బడిపిల్లల దగ్గర ఉండే ప్లాస్టిక్ గ్లోబు మీద దారం పెట్టి చూస్తే విషయం వెంటనే తేలిపోతుంది. వేదాద్రి రేఖాంశం దాదాపు 80 డిగ్రీల తూర్పు, అబిలీన్ది దాదాపు 100 డిగ్రీల పడమర. రెండూ కూడితే 180. మనకి మిట్ట మధ్యాహ్నమైతే వాళ్ళకి నడిరాత్రి. మన ఆన్‌సైట్-ఆఫ్‌షోర్ బతుకంతా ఈ ఒక్క కూడిక మీద నడిచిందని వేరే చెప్పక్కర్లేదు కదా.

హావర్‌సైన్ ఫార్ములా అందరికీ తెలిసిందే, పైథాన్‌లో పది లైన్లు. శంషాబాద్ నుంచి చికాగో 13,280 కిలోమీటర్లు, శాన్‌ఫ్రాన్సిస్కో 13,540, డల్లాస్ 14,420. గన్నవరం నుంచి డల్లాస్ 14,510, ఈ గీత ఉత్తర ధ్రువానికి 250 కిలోమీటర్ల దగ్గరగా పోతుంది. గంటకి 900 కిలోమీటర్ల లెక్కన శంషాబాద్ నుంచి డల్లాస్ పదహారు గంటలు. భూమి చెప్పే లెక్క ఇది. ఇక మనుషులు చెప్పే లెక్క వేరు, నేను రాయాలనుకున్నది దాని గురించే.

మా ప్రాంతంలో దూరానికీ కాలానికీ ఉన్న పాత లెక్క ఒకటి దొరుకుతుంది. టావెర్నియర్ అని ఫ్రెంచి వజ్రాల వ్యాపారి, పదిహేడో శతాబ్దం మధ్యలో గోల్కొండకీ మచిలీపట్నానికీ మధ్య తిరిగినవాడు. గోల్కొండ నుంచి మచిలీపట్నం నేరుగా పోతే నూరు కోసులు, వజ్రాల గని మీదుగా పోతే 112 కోసులు, నేను ఎక్కువగా పోయింది ఈ రెండో దారినే అని రాసుకున్నాడు. ఆ గని కొల్లూరు. వేదాద్రికి కాస్త ఎగువన, కృష్ణకి అవతలి ఒడ్డున ఉండేది. ఇప్పుడు పులిచింతల నీళ్ళ కింద ఉంది. గోల్కొండ నుంచి కొల్లూరుకి ఏడు రోజుల ప్రయాణం అంటాడు. ఇప్పుడు హైదరాబాద్ నుంచి చిల్లకల్లు టోల్‌గేటు దాకా నాలుగు గంటల్లోపే వచ్చేస్తున్నాం, అది కూడా మధ్యలో టీ తాగి.

టావెర్నియర్ చెప్పిన వాటిలో నాకు బాగా నచ్చింది ఉత్తరాల సంగతి. ఈ దేశంలో గుర్రం మీద పోయేవాడికన్నా కాలినడకన ఉత్తరం మోసేవాడే తొందరగా చేరుస్తాడట. ఎందుకంటే ప్రతి రెండు లీగులకి ఒక గుడిసె ఉంటుంది, అందులో పరిగెత్తేవాళ్ళు సిద్ధంగా ఉంటారు. వచ్చినవాడు ఉత్తరాన్ని గుడిసె గుమ్మంలో నేలమీద పడేస్తాడు, ఇంకొకడు దాన్ని తీసుకుని పరుగందుకుంటాడు. చేతికి చెయ్యి ఇవ్వకూడదు, అశుభం. ఉప్పు చేతికివ్వకూడదని మన ఇళ్ళలో ఇప్పటికీ అంటారు చూడండి, అలాంటిదే అనుకుంటాను. నెట్‌వర్క్ చదువుకున్నవాళ్ళకి నవ్వు రావాలి. స్టోర్ అండ్ ఫార్వర్డ్ అంటే ఇంకేమిటి? గుర్రానికి వేగం ఉంది కానీ అలుపొస్తే ఆగాలి. గుడిసెల వరసకి ఆగే పని లేదు. ఈ పాయింటు గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్ళీ అవసరం వస్తుంది.

అన్నట్టు మా వైపు నుంచి అమెరికాకి అందరికన్నా నెమ్మదిగా చేరింది ఒక వజ్రం. టావెర్నియర్ కొనుక్కుపోయిన నీలి రాయి కొల్లూరుదేనని నిపుణులు నమ్ముతారు. 1660ల చివర్లో దాన్ని పద్నాలుగో లూయీకి అమ్మాడు. 1792లో దొంగలు పట్టుకుపోయారు. తరవాత లండన్‌లో వేరే ఆకారంలో తేలింది, హోప్ డైమండ్ అని పేరు పడింది. 1958లో హ్యారీ విన్‌స్టన్ అనే నగల వ్యాపారి దాన్ని న్యూయార్క్ నుంచి వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్ మ్యూజియానికి మామూలు రిజిస్టర్డ్ పోస్టులో పంపించాడు. టపా ఖర్చు, ఇన్సూరెన్సు కలిపి 145 డాలర్ల 29 సెంట్లు. కొల్లూరు నుంచి వాషింగ్టన్‌కి సుమారు మూడు వందల ఏళ్ళు పట్టింది.

దూరాన్ని కొలవడం కూడా అప్పట్లో ప్రాణాల మీదకొచ్చే పనే. లాంబ్టన్ 1802లో మద్రాసు దగ్గర గొలుసులేసి మొదలుపెట్టి, 78వ రేఖాంశం వెంబడి దేశాన్ని త్రిభుజాలుగా కొలుచుకుంటూ పైకి పోయాడు. ఆయన దగ్గర చేరిన కుర్ర అధికారి జార్జ్ ఎవరెస్ట్‌కి మొదట్లో అప్పగించిన పనుల్లో ఒకటి కృష్ణా గోదావరుల మధ్య ప్రాంతం. 1819లో వానాకాలం అడవిలో ఆ జట్టు మొత్తం, దాదాపు 150 మంది, జ్వరంతో పడిపోయారు. హైదరాబాద్ తిరిగి చేరేలోపు పదిహేను మంది చనిపోయారు. కొండకి పేరు పెట్టించుకున్న మనిషి మొదట పడకేసింది మన అడవుల్లో అన్నమాట. ఆ కొలతల్లోంచే ‘ఎవరెస్ట్ 1830’ అనే భూగోళ నమూనా వచ్చింది. పాత సర్వే పటాల మీద పనిచేసిన జీఐఎస్ వాళ్ళు ఆ పేరు వింటే తల పట్టుకుంటారు, జీపీఎస్ లెక్కలకీ దానికీ పొసగదు కాబట్టి.

రైలు కథలో మా ఊళ్ళకి పెద్ద పాత్ర లేదు. నిజాం రైలు 1889లో బెజవాడ చేరింది, కానీ మధిర మీదుగా పోయింది. జగ్గయ్యపేట, నందిగామ రోడ్డునే నమ్ముకున్నాయి. విమానం విషయానికొస్తే, నిజాం ప్రభుత్వమూ టాటాలూ కలిసి 1945లో పెట్టిన డెక్కన్ ఎయిర్‌వేస్ బేగంపేట నుంచి మద్రాసుకీ ఢిల్లీకీ నడిపింది. 1953లో అది ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది. ఎయిరిండియా 1948 జూన్‌లో బొంబాయి నుంచి కైరో, జెనీవా మీదుగా లండన్ వెళ్ళింది. 1960 మే నెలలో బోయింగ్ 707 మీద లండన్ మీదుగా న్యూయార్క్ చేరింది. ఆ తరవాతే మన డాక్టర్లూ ఇంజనీర్లూ అమెరికా బాట పట్టారు. జగ్గయ్యపేట నుంచి బస్సు, రైలు, బొంబాయి, అక్కడ ఒక రాత్రి, లండన్, న్యూయార్క్, ఆ పైన ఇంకో విమానం. ఎంత వేగంగా లెక్కేసినా మూడు నాలుగు రోజులు.

ఇక్కడ ఒక సంగతి ఆలోచించండి. ఆ రోజుల్లో ఊళ్ళో తండ్రి పోతే అమెరికాలో ఉన్న కొడుకు కోసం ఎవరూ ఆగేవాళ్ళు కాదు. ఉత్తరం వెళ్ళడానికే పది పదిహేను రోజులు. ట్రంకాల్ దొరికి కబురు తెలిసినా, బయల్దేరి వచ్చేసరికి దినం కూడా దగ్గరపడేది. కాబట్టి పొద్దున్న పోతే సాయంత్రానికి దహనం. తమ్ముడి కొడుకో, అల్లుడో తలకొరివి పెట్టేవాడు. దూరం అంత ఎక్కువ కాబట్టి, అందులో తప్పు ఎవరికీ కనపడలేదు.

ప్రయాణం రోజుల్లోంచి గంటల్లోకి వచ్చాక ఎదురుచూడటం మొదలైంది. కొడుకు రేపు రాత్రికి వస్తాడంటే ఆపాలి కదా? ఐస్ దిమ్మెలు పోయి అద్దెకిచ్చే ఐస్ బాక్స్ వచ్చింది. ఇప్పుడు చిన్న ఊళ్ళలో కూడా ఫోన్ చేస్తే ఆటోలో తెచ్చి, ప్లగ్గు పెట్టి పోతారు. ప్రయాణం ఎంత తగ్గితే ఇంటి ముందు పెట్టె అంత ఎక్కువ సేపు ఉంటోంది. నెల రోజులు పట్టే కాలంలో ఒక్క పూట కూడా ఆగనివాళ్ళం, ముప్పై గంటల కాలంలో రెండు రోజులు ఆగుతున్నాం. విమానాల చరిత్ర రాసేవాళ్ళెవరూ ఈ సంగతి రాయరు. మా వైపు మాత్రం ప్రతి బజారులోనూ తెలుసు.

సరే, ఆ పదహారు గంటల గీత మీద ఎందుకు పోలేదో చూద్దాం.

మొదటి అడ్డం టిబెట్. విమానంలో గాలి పీడనం పోతే పైలట్ వెంటనే పదివేల అడుగులకి దిగాలి, ప్రయాణికుల మాస్కుల్లో ఆక్సిజన్ పావుగంటకి అటూ ఇటూ. టిబెట్‌లో నేలే అంతకన్నా ఎత్తు, దిగే చోటు లేదు. అందుకని ఇప్పటికీ ఎవరైనా చుట్టుతిరిగి పోవాల్సిందే. రెండో అడ్డం సోవియట్ ఆకాశం. మన గీత సెమెయ్ నుంచి డిక్సన్ దాకా పోయేది పూర్తిగా వాళ్ళ భూమి మీద, అందులోనూ అణుపరీక్షల మైదానం పక్కనుంచి. ప్రచ్ఛన్న యుద్ధం రోజుల్లో అటు కన్నెత్తి చూసే పని లేదు.

ధ్రువం మీదుగా పోవాలనే ఆలోచన మాత్రం పాతదే. స్కాండినేవియా వాళ్ళ ఎస్ఏఎస్ 1954 నవంబర్‌లో కోపెన్‌హాగన్ నుంచి గ్రీన్‌లాండ్, విన్నిపెగ్ మీదుగా లాస్ ఏంజెలిస్‌కి నడిపింది. ఆ చివర దిక్సూచి పనిచెయ్యదు. అయస్కాంత ధ్రువం దగ్గర ముల్లు పిచ్చిదానిలా తిరుగుతుంది, రేఖాంశాలన్నీ ఒక చోటికొచ్చి ముడిపడతాయి కాబట్టి ‘తూర్పు’ అన్న మాటకే అర్థం పోతుంది. వాళ్ళు పటం మీద చదరాల గడులు గీసుకుని, గైరోస్కోపు పెట్టుకుని పోయారు. దారి తప్పితే ఏమవుతుందో 1983 సెప్టెంబర్ 1న తెలిసింది. న్యూయార్క్ నుంచి ఆంకరేజ్ మీదుగా సియోల్ పోయే కొరియన్ విమానం 007 పక్కకి జరిగి సోవియట్ ఆకాశంలోకి వెళ్ళింది. కూల్చేశారు. 269 మంది చనిపోయారు. అది జరిగిన రెండు వారాలకే, జీపీఎస్ తయారయ్యాక మామూలు జనానికీ ఇస్తామని రీగన్ ప్రభుత్వం ప్రకటించింది. మన ఫోన్లో నీలి చుక్క వెనక ఆ 269 మంది ఉన్నారు.

సోవియట్ యూనియన్ పోయాక తలుపులు నెమ్మదిగా తెరుచుకున్నాయి. 1998 జూలైలో కాథే పసిఫిక్ న్యూయార్క్ నుంచి ధ్రువం మీదుగా ఆగకుండా హాంకాంగ్ కొత్త విమానాశ్రయంలో దిగింది. 2001 నుంచి ధ్రువ మార్గాలు అధికారికంగా మొదలయ్యాయి. ఈలోపు రెండు ఇంజన్ల విమానాలకి, ఒక ఇంజను పోయినా దిగే చోటుకి ఇన్ని నిమిషాల్లోపు దూరంలోనే ఉండాలన్న నిబంధన అరవై నుంచి 120కి, 1988లో 180కి సడలింది. ఆకాశమూ తెరిచారు, విమానమూ వచ్చింది. ఇక మనమే మిగిలాం.

మన వాళ్ళ ప్రయత్నాల్లో ఇంజనీర్లకి అన్నిటికన్నా ముచ్చటేసేది 2016 అక్టోబర్‌ది. ఎయిరిండియా ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకి అట్లాంటిక్ వైపు కాకుండా పసిఫిక్ వైపు తిప్పింది. దారి 1,400 కిలోమీటర్లు పెరిగింది, సమయం రెండు గంటలు తగ్గింది! అటుపోతే ఎదురుగాలి, ఇటుపోతే వెనకనుంచి గాలి, అంతే తేడా. దూరాన్ని కాలంతో సమానంగా చూసే అలవాటు మానుకోవడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. 2019 ఆగస్టు 15న అదే సంస్థ ఢిల్లీ నుంచి ధ్రువం మీదుగా శాన్‌ఫ్రాన్సిస్కో పంపింది. 2021 జనవరిలో శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకి నలుగురు మహిళా పైలట్లు ధ్రువం మీదుగా తెచ్చారు. కెప్టెన్ జోయా అగర్వాల్ పేరు పేపర్లలో మోగిపోయింది. ఆ నలుగురిలో పాపగారి తన్మయి ఉన్నారు, ఆ ఇంటిపేరు ఒకసారి చూడండి :)

అదే నెల 15న హైదరాబాద్ నుంచి చికాగోకి నేరుగా విమానం మొదలైంది. వారానికి ఒకటి. మా బంధువుల వాట్సాప్ గ్రూపుల్లో ఆ రోజు పండగే. కొన్నాళ్ళకి ఆగిపోయింది. అప్పట్నించీ ‘హైదరాబాద్‌కి డైరెక్ట్ ఫ్లైట్ కావాలి’ అనే మాట ప్రతి తెలుగు సభలో, ప్రతి మంత్రిగారి అమెరికా పర్యటనలో వినపడుతూనే ఉంది. విజయవాడ వాళ్ళం ఇంకో అడుగు ముందుకేసి గన్నవరానికే కావాలంటాం. మంచిదే, ఆశకి టిక్కెట్ అక్కర్లేదు. గన్నవరం రెండో ప్రపంచయుద్ధం నాటి రన్‌వే. 2003లో ఎయిర్ డెక్కన్ హైదరాబాద్ నుంచి విజయవాడకి మొదటి విమానం పంపబోతే, వెంకయ్యనాయుడు లాంటి పెద్దలంతా లోపల ఉండగా రన్‌వే మీదే ఇంజనుకి మంట అంటుకుంది. 2017లో అంతర్జాతీయ హోదా వచ్చింది. 2018 డిసెంబర్‌లో ఇండిగో సింగపూర్‌కి నడిపింది, ప్రభుత్వం లోటు భర్తీ చేస్తే. 2019లో ఆ భర్తీ ఆగింది, విమానమూ ఆగింది. మళ్ళీ రావడానికి 2025 దాకా పట్టింది.

ఈ డైరెక్ట్ ఫ్లైట్ కోరిక మీద నాకో అనుమానం ఉంది. లెక్క వేసి చూద్దాం. డల్లాస్ నుంచి దోహా 12,740 కిలోమీటర్లు, దోహా నుంచి శంషాబాద్ 2,910. మొత్తం 15,650. నేరుగా వస్తే 14,420. తేడా 1,230 కిలోమీటర్లు, అంటే గంటన్నర కూడా కాదు. మనం గల్ఫ్ మీదుగా చుట్టూ తిరుగుతున్నాం అనుకుంటాం గానీ ఆ చుట్టు చాలా చిన్నది. మరి ఇరవై రెండు, ఇరవై ఆరు గంటలు ఎందుకవుతోంది? నిలబడటం వల్ల. సర్వర్ల సంగతీ అంతే. ఫైబర్‌లో కాంతికి మా ఊరి నుంచి టెక్సస్‌కి పోయి రావడానికి 145 మిల్లీసెకన్లు చాలు, కానీ పింగ్ కొడితే రెండు వందలు దాటి వస్తుంది. కేబుళ్ళు సముద్రాల చుట్టూ తిరగాలి, మధ్యలో ఎవరెవరి గుమ్మాల్లోనో ఆగాలి.

మా పెదనాన్న 2017లో ఒక మంగళవారం తెల్లవారుజామున నాలుగింటికి పోయారు. అన్నయ్య డల్లాస్‌లో ఉన్నాడు, అక్కడ సోమవారం సాయంత్రం అయిదున్నర. ఆ సాయంత్రం విమానానికి అందుకోలేకపోయాడు. తరవాతిది మంగళవారం సాయంత్రం ఆరున్నరకి. గల్ఫ్‌లో దిగి, మారి, గురువారం తెల్లవారుజామున మూడింటికి శంషాబాద్‌లో దిగాడు. ఇమిగ్రేషన్, సామాను, కారు. ఇంటికొచ్చేసరికి ఎనిమిదైంది. యాభై రెండు గంటలు. పెద్దమ్మ అప్పటికి ఏడవడం మానేసి, ఐస్ బాక్స్ మోటారు ఆగినప్పుడల్లా ఉలిక్కిపడి చూస్తోంది. వాకిట్లో చుట్టాలు అప్పటికే విమానాల గురించి మాట్లాడుకుంటున్నారు. ‘డైరెక్ట్ ఉంటే నిన్ననే అయిపోయేది’ అన్నాడు మా బాబాయి.

తరవాత కూర్చుని లెక్కేశాను. అదే మంగళవారం సాయంత్రం నేరుగా శంషాబాద్‌కి విమానం ఉండి ఉంటే మాకు మిగిలేది ఆరు గంటలు. గన్నవరంలో దిగి ఉంటే రోడ్డు మీద ఇంకో రెండు గంటలు. కానీ యాభై రెండులో ఇరవై అయిదు గంటలు అన్నయ్య డల్లాస్‌లోనే ఉన్నాడు, తరవాతి విమానం కోసం. రోజుకి ఒకటి ఉంటేనే ఇంత. మరి వారానికి ఒకటి పోయే హైదరాబాద్-చికాగో లాంటిది ఉంటే సగటున మూడున్నర రోజులు ఆగాలి! అలాంటి విమానం పండక్కి పనికొస్తుంది, చావుకి పనికిరాదు. చావుకి కావలసింది గుర్రం కాదు, టావెర్నియర్ చెప్పిన గుడిసెల వరస. ఎప్పుడు బయల్దేరినా ముందు చోట ఎవడో ఒకడు పరిగెత్తడానికి సిద్ధంగా ఉండాలి. గల్ఫ్ వాళ్ళు, ఫ్రాంక్‌ఫర్ట్, లండన్ వాళ్ళు కట్టింది అదే. నేరుగా పోయే ఒక్క విమానం కన్నా రోజూ నాలుగు దారులుండటమే మనకి ఎక్కువ మేలని నా అభిప్రాయం. బాబాయి ఒప్పుకోలేదు. మీరూ ఒప్పుకోనక్కర్లేదు.

పైగా నేరుగా పోయే దారి ఎప్పుడు ఎవడు మూస్తాడో తెలీదు. 2022లో యుక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక రష్యా తన ఆకాశాన్ని అమెరికా కంపెనీలకి మూసేసింది. ఇండియాకి వాళ్ళు నడుపుతున్న విమానాల్లో కొన్ని ఆగిపోయాయి. ఎయిరిండియా మీద ఆ నిషేధం లేదు కాబట్టి పోతూనే ఉంది, కానీ 2023 జూన్‌లో ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో పోతున్న విమానం ఇంజను ఇబ్బందితో మగదాన్‌లో దిగింది. రష్యా తూర్పు కొసన ఉన్న ఊరు. 216 మంది ప్రయాణికులు బడిలోనూ హాస్టల్లోనూ పడుకున్నారు, ఇంకో విమానం రావడానికి రెండు రోజులు పట్టింది. పాకిస్తాన్ తన ఆకాశాన్ని 2019లో నెలల తరబడి మూసింది. 2025 ఏప్రిల్‌లో భారత విమానాలకి మళ్ళీ మూసింది, దాంతో ఆగకుండా పోవాల్సినవి వియన్నాలోనో కోపెన్‌హాగన్‌లోనో దిగి ఇంధనం పోయించుకున్నాయి. గీత అదే, గ్లోబు అదే.

2020 మార్చిలో అయితే అన్నీ ఒకేసారి మూతపడ్డాయి. అంతర్జాతీయ విమానాలు ఆగిపోయాయి. మే నెలలో వందే భారత్ పేరుతో కొన్ని నడిచాయి. మామూలు రాకపోకలు తిరిగి మొదలైంది 2022 మార్చి 27న. అంటే రెండేళ్ళు. ఆ రెండేళ్ళలో మళ్ళీ మా తాతల కాలంలోలాగే పొద్దున్న పోతే సాయంత్రానికి దహనం, ఎవరో ఒకరు తలకొరివి. తేడా ఒక్కటే, అవతల కొడుకు ఫోన్లో చూస్తూ ఉన్నాడు. అమెరికా దాకా ఎందుకు, ఆ మార్చి చివర్లో హైదరాబాద్ హాస్టళ్ళు ఖాళీ చేయిస్తే బయల్దేరిన పిల్లలు జగ్గయ్యపేట దగ్గర గరికపాడు చెక్‌పోస్టు దాకా వచ్చి నిలిచిపోయారు. సరిహద్దు దాటనివ్వలేదు. ఇల్లు ఇరవై ముప్పై కిలోమీటర్ల దూరంలో ఉన్నవాళ్ళు కూడా రోడ్డు మీద రాత్రి గడిపారు. హావర్‌సైన్‌లో ఆ దూరం సున్నా అనే చెప్పొచ్చు.

మా ఇంటి సంగతి ఇంకొంచెం మిగిలింది. పెదనాన్న పెద్దకర్మ అయ్యాక అన్నయ్య తిరిగి వెళ్ళాలి. పాస్‌పోర్టులో స్టాంపింగ్ గడువు అయిపోయి ఉంది. పని కాగితాలన్నీ సరిగ్గానే ఉన్నాయి, స్టాంపే లేదు. వచ్చేటప్పుడు దాని గురించి ఆలోచించే తీరిక ఎవరికి? డేటు దొరికి, ఇంటర్వ్యూ అయి, పాస్‌పోర్టు చేతికొచ్చి, మళ్ళీ డల్లాస్‌లో దిగేసరికి ఊరొచ్చిన నాటి నుంచి ముప్పై ఆరు రోజులైంది. అందులో గాల్లో ఉన్నది ఇరవై గంటల్లోపే.